తిరిగి వచ్చిన అభిమానికి దక్కిన స్థానం

పదకొండేళ్లు వరుసగా రుసుము చెల్లించి, ఉద్యోగం పోవడంతో రెండు సీజన్లు మాత్రం ఆపవలసి వచ్చిన నేను, ఈ వారం మా ఫుట్‌బాల్ క్లబ్ సభ్యత్వాన్ని పునరుద్ధరించుకోబోతే, నన్ను కొత్త సభ్యుడిగానే పరిగణించి ప్రవేశ రుసుము మళ్లీ కట్టమన్నారు. టికెట్ల కేటాయింపులో ప్రాధాన్యాన్నిచ్చే నా పాత పాయింట్లన్నీ సున్నా అయ్యాయి. డబ్బు కట్టేశాను. నా బాధంతా ఆ పాయింట్ల గురించే.

ఆ రెండేళ్లూ ఇబ్బందులకోర్చి చెల్లించినవారు నాకంటే ముందుండడం న్యాయమే, అందులో నాకు రెండో మాట లేదు. కానీ జట్టు కింది డివిజన్‌కు పడిపోయిన ఏడాది కూడా వానలో తడుస్తూ పొరుగూళ్ల మ్యాచ్‌లకు వెళ్లిన ఆ కాలాన్ని లెక్కలోంచి పూర్తిగా తుడిచివేయడం దేనికి? విరామ కాలానికి పాయింట్లు ఇవ్వకుండా, పాతవాటిని అలాగే ఉంచవచ్చు కదా.

జర్మనీలో 1998 నాటి 50+1 నిబంధన ప్రకారం క్లబ్ ఓటుహక్కుల్లో ఆధిక్యం సాధారణంగా సభ్యుల సంఘానిదే. బార్సిలోనా క్లబ్ అధ్యక్షుణ్ణి సభ్యులే ఎన్నుకుంటారు. మాకు ఓటు లేదు, టికెట్ల వరుసలో ఒక చోటు మాత్రమే ఉంది. అదీ పోతే సభ్యుడికి మిగిలేది రసీదే. యాజమాన్యానికి ఇదే విషయం లేఖగా రాసి పంపాను, జవాబు కోసం ఎదురుచూస్తున్నాను.