మేత షాపు లెక్కలు రాసుకుంటూ ఎంబీఏకి దరఖాస్తు: నా అనుభవం

నేను భీమవరం దగ్గర రొయ్యల మేత డీలర్ దగ్గర అకౌంట్స్ చూస్తాను. పెళ్ళయింది, ఒక పాప ఉంది, ముప్పై దాటాక ఉద్యోగం మానకుండా వారాంతపు ఎంబీఏలో సీటు తెచ్చుకున్నాను. ఈ సంగతి తెలిసినప్పటి నుంచి చుట్టాలు, పాత క్లాస్‌మేట్లు, వాళ్ళకి తెలిసినవాళ్ళు ఫోన్ చేసి ఏ పుస్తకం చదివావు, ర్యాంకెంత, కోచింగ్ ఎక్కడ అని అడుగుతున్నారు. పరీక్ష గురించి కూడా చెప్తాను గానీ, నన్ను ఎక్కువ తిప్పలు పెట్టింది మాత్రం నేను ఇన్నేళ్ళుగా ఉద్యోగం చేస్తున్నానని కాగితం మీద రుజువు చేయడం. మా వైపు చేపల చెరువుల దగ్గర, రైస్ మిల్లుల్లో, మేత షాపుల్లో, ఐస్ ఫ్యాక్టరీల్లో పనిచేసే వాళ్ళందరికీ ఈ ఇబ్బంది ఉంటుంది, అందుకే వివరంగా రాస్తున్నాను.

ముందు, ఎంబీఏ ఎందుకు అనుకున్నానో చెప్పాలి. మా వ్యాపారం నడిచేదే అప్పు మీద. కంపెనీకి మేం ముందుగా డబ్బు కట్టి మేత దింపుకుంటాం, రైతుకి అప్పు మీద ఇస్తాం, పట్టుబడి అయ్యాక, అంటే చెరువులో రొయ్యలు పట్టి అమ్మాక, వసూలు చేసుకుంటాం. వనామీ రకం రొయ్య పంట చేతికి రావడానికి మూడు నాలుగు నెలలు పడుతుంది, అప్పటిదాకా మా డబ్బంతా చెరువులోనే ఉంటుంది. మధ్యలో తెల్లమచ్చ వైరస్ వచ్చిందంటే రైతు ఉన్నపళంగా వల వేసేస్తాడు, సరుకు ఎదగకుండానే ఎక్కువ కౌంట్‌లో (కౌంట్ అంటే కిలోకి తూగే రొయ్యల సంఖ్య) పోతుంది, చేతికొచ్చిన డబ్బు సీడ్‌కీ (రొయ్య పిల్లలకీ) కరెంటు బిల్లుకీ లీజుకీ సరిపోక మన బాకీ తర్వాతి పంటకి వాయిదా పడుతుంది. ఎవరికి ఎంతవరకు అప్పు ఇవ్వొచ్చు అనేది మా ఓనరు గారి మనసులో ఉంటుంది. ఆయన అంచనా చాలావరకు నిజమవుతుంది కూడా. కానీ అది ఎలా వేస్తున్నారో నాకు అర్థం కావాలి, అర్థమైతే లెక్కలో పెట్టాలి, ఇదీ నా కోరిక. టాలీ సాఫ్ట్‌వేర్‌లో ఎంట్రీలు వేస్తూ ఉంటే ఆ జవాబు దొరకదని తెలిసింది.

ఇక దారులు చూశాను. రోజూ సాయంత్రం క్లాసులుండే కాలేజీ విజయవాడలోనో విశాఖలోనో ఉంటే మనకి పనికిరాదు, షాపు మూసేసరికే చీకటి పడుతుంది. దూరవిద్యలో ఇగ్నో (ఇందిరా గాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం) ఉంది. దానికి ఇదివరకు ఓపెన్‌మ్యాట్ అని ప్రవేశ పరీక్ష ఉండేది, ఇప్పుడు లేదు, డిగ్రీలో 50 శాతం, రిజర్వేషన్ ఉన్నవాళ్ళకి 45 శాతం మార్కులుంటే చాలు. జనవరిలో, జూలైలో రెండు విడతలు చేర్చుకుంటారు, రెండేళ్ళలో పూర్తి చేయొచ్చు, కుదరకపోతే నాలుగేళ్ళ దాకా సమయం ఉంటుంది. అసైన్‌మెంట్లకు 30 శాతం, చివరి పరీక్షకు 70 శాతం. నాకు తెలిసిన ఒక స్కూలు టీచరు గారు అలాగే చదివి పూర్తి చేశారు, కాబట్టి అది తక్కువ చదువు అనే మాట నేను ఒప్పుకోను. నాకు మాత్రం ఎదురుగా కూర్చుని వాదించుకునే క్లాసు కావాలి. వేరే రంగాల్లో పనిచేసే వాళ్ళ మాటలు వినాలి. అందుకని విశాఖలో ఒక సంస్థ వారాంతపు కోర్సు ఎంచుకున్నాను. ఎక్కువ క్లాసులు రాత్రిపూట ఆన్‌లైన్లో, నెలకోసారి శని ఆదివారాలు క్యాంపస్‌లో. ఇక్కడి నుంచి 250 కిలోమీటర్ల పైమాటే, కానీ నెలకోసారి కాబట్టి రైల్లో వెళ్ళి రావచ్చు. అది దొరక్కపోతే ఇగ్నోలో చేరదామని దానికీ కాగితాలు సిద్ధం చేసుకున్నాను. ఏదైనా సరే డబ్బు కట్టే ముందు ఏఐసీటీఈ (సాంకేతిక విద్యా మండలి) ఆమోదం ఉందా, దూరవిద్య అయితే యూజీసీ దూరవిద్య విభాగం (డెబ్) జాబితాలో ఆ యూనివర్సిటీ, ఆ కోర్సు, ఆ సంవత్సరానికి ఉన్నాయా అని వాళ్ళ వెబ్‌సైట్లలోనే చూడండి. ఏజెంట్ ఫోన్లో పంపిన బ్రోచరు చూసి నమ్మకండి.

దరఖాస్తులో అడిగింది డిగ్రీ తర్వాత కనీసం మూడేళ్ళ అనుభవం, దానికి ఆధారాలు, ఇప్పుడు పనిచేస్తున్న చోటు నుంచి నిరభ్యంతర పత్రం. నా అనుభవం రెండు చోట్ల ఉంది. మొదట ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో స్టోర్స్ లెక్కలు చూశాను. మానేసేటప్పుడు రిలీవింగ్ లెటర్ ఇవ్వలేదు. ఇప్పుడు అడిగితే అప్పటి మేనేజర్ లేరు, కొత్తవాళ్ళు రేపు రండి, ఎల్లుండి రండి అన్నారు. తిరిగి తిరిగి విసుగొచ్చాక మా ఆడిటర్ గారి దగ్గర పనిచేసే అమ్మాయి ఒక మాట చెప్పింది, అక్కా, అక్కడ పీఎఫ్ కట్టేవారు కదా, నీ పీఎఫ్ నంబరు యూఏఎన్‌తో లాగిన్ అయితే సర్వీస్ హిస్టరీ వస్తుంది, చేరిన తేదీ, మానేసిన తేదీ రెండూ అందులో ఉంటాయి, అది ప్రభుత్వ రికార్డే అని. నిజంగానే వచ్చింది. మానేసిన తేదీ మాత్రం ఖాళీగా ఉంది, వాళ్ళు నమోదు చేయలేదు. కంపెనీ వేయకపోతే మనమే వేసుకునే వీలు 2020 నుంచి ఉంది, మానేసి రెండు నెలలు దాటి ఉంటే చాలు, ఆధార్‌కి లింకైన ఫోనుకి ఓటీపీ వస్తుంది. వేసుకున్నాను, ప్రింటు తీశాను, వాళ్ళ లెటర్ అవసరమే లేకుండా పోయింది.

ఇప్పటి షాపు సంగతి వేరు. ఇరవై మంది కన్నా తక్కువ పనిచేసే చోట పీఎఫ్ తప్పనిసరి కాదు, మాకు లేదు. అపాయింట్‌మెంట్ లెటర్ అనే మాటే మా షాపులో ఎవరూ అనుకోలేదు. అదృష్టం ఏంటంటే, జీతం మొదట్లో చేతికిచ్చేవారు గానీ తర్వాత నేను అడిగి బ్యాంకులో వేయించుకున్నాను. ఆ స్టేట్‌మెంటు, ఏటా నేను వేసిన ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్నులు, వీటితో పాటు ఓనరు గారి లెటర్ కావాలి. ఆయన్ని అడగాలంటే భయం వేసింది. చదువుకుంటానంటే మానేస్తానేమో అనుకుంటారు, సంతకం పెడితే రేపు ఏమైనా కేసు అవుతుందేమో అనుకుంటారు. మధ్యాహ్నం లారీ దిగుమతి అయిపోయి షాపు ఖాళీ అయినప్పుడు వెళ్ళి అడిగాను. ఆయన అంతా విని, "చదివాక మానేస్తావా అమ్మా?" అన్నారు. "రెండేళ్ళు చదువుతూ ఇక్కడే చేస్తానండి, ఆ తర్వాత సంగతి అప్పుడు మీకు ముందుగా చెప్పే చేస్తానండి" అన్నాను. అబద్ధం చెప్పి ఎప్పటికీ ఉంటానని అనలేదు. ఆయన కాసేపు క్యాలెండర్ కేసి చూసి, "సరే, ఆడిటర్ గారి చేత రాయించుకో, నేను సంతకం పెడతాను" అన్నారు.

ఆ లెటర్‌లో ఏముండాలో రాస్తాను, చాలామందికి దరఖాస్తు తిరిగొచ్చేది ఇక్కడే. షాపు పేరు, చిరునామా, జీఎస్టీ నంబరు ఉన్న లెటర్‌హెడ్ మీద ఉండాలి. చేరిన తేదీ, హోదా, నెల జీతం, పూర్తి కాలం ఉద్యోగం అనే మాట, చేసే పనులు విడివిడిగా ఉండాలి. నా లెటర్‌లో రైతుల ఖాతాలు, జీఎస్టీ రిటర్నులకు లెక్కలు సిద్ధం చేయడం, కంపెనీతో స్టాకు సరిచూసుకోవడం, బాకీల వసూలు అని రాశారు. "బాగా పనిచేస్తుంది, మంచి అమ్మాయి" అని రాస్తే వాళ్ళకి ఏమీ తెలియదు. నిరభ్యంతర పత్రం విడిగా రాయించాలి, అందులో నెలకోసారి శనివారం సెలవు ఇస్తామని ఉంటే మనకే తర్వాత మాట పట్టింపు రాకుండా ఉంటుంది.

పేరు దగ్గర ఇంకో చిక్కు. పదో తరగతి, డిగ్రీ మెమోల్లో పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు. ఇగ్నో లాంటి దూరవిద్య, ఆన్‌లైన్ కోర్సులకి 2024 నుంచి డెబ్ ఐడీ తప్పనిసరి చేశారు, అది ఏబీసీ ఐడీ (అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌లో విద్యార్థి నంబరు) మీద ఆధారపడుతుంది, ఏబీసీ ఐడీ డిజీలాకర్ ద్వారా ఆధార్‌లో ఉన్న పేరే తీసుకుంటుంది. మా ఆడపడుచు ఆధార్‌లో పేరు మళ్ళీ మార్పించెయ్ వదినా అంది. ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే మార్చుకోనిస్తారు, నాది ఒకసారి అయిపోయింది, రెండోది దీనికి వాడేస్తే రేపు పాస్‌పోర్టుకో ఇంకోదానికో అవసరమైతే ఏం చేస్తాం? అందుకని మార్చలేదు. మ్యారేజ్ సర్టిఫికెట్, రెండు పేర్లూ ఒకే మనిషివని నోటరీ అఫిడవిట్ జత చేసి, ముందే కోర్సు ఆఫీసుకి ఫోన్ చేసి ఇవి చాలా అని అడిగి పెట్టాను. ఒప్పుకున్నారు. పెళ్ళి రిజిస్టర్ చేయించుకోని ఆడవాళ్ళు మా ఊళ్ళో ఇంకా చాలామంది ఉన్నారు, చదువు కోసమనే కాదు, ఆ కాగితం చేయించుకోండి అక్కలూ.

పరీక్ష. మా కోర్సుకి ఐసెట్ (ఎంబీఏ, ఎంసీఏలకి రాష్ట్రం పెట్టే ప్రవేశ పరీక్ష) ర్యాంకు గానీ వాళ్ళు పెట్టే పరీక్ష గానీ సరిపోతుంది, నేను ఐసెట్ రాశాను. 200 ప్రశ్నలు, 150 నిమిషాలు, తప్పు రాస్తే మార్కులు తీసేయరు. అంటే ఏ ప్రశ్ననీ ఖాళీగా వదలక్కర్లేదు. లెక్కలూ ఎనలిటికల్ భాగాలూ తెలుగులో కూడా ఉంటాయి, ఇంగ్లీషు భాగం మాత్రం ఇంగ్లీషులోనే. శాతాలు, వడ్డీ, నిష్పత్తులు నాకు రోజూ చేసేవే, ఇబ్బంది లేదు. డేటా సఫిషియెన్సీ ప్రశ్నలు మాత్రం అలవాటవ్వాలి, వాటిలో లెక్క చేయకూడదు, ఇచ్చిన సమాచారం సరిపోతుందా లేదా అంతే చెప్పాలి. పాప పడుకున్నాక పాత పేపర్లు గడియారం పెట్టుకుని చేసేదాన్ని. కోచింగ్‌కి వెళ్ళలేదు. ఈ భాగం గురించి ఇంతకంటే చెప్పడానికి లేదు.

అసలు కష్టం ఆ వ్యాసం. ఈ కోర్సు మీకెందుకు అని రెండు పేజీలు రాయమన్నారు. ఇంటర్నెట్‌లో నమూనాలు చూస్తే అందరూ చిన్నప్పటి నుంచి నాయకత్వ లక్షణాలు ఉన్నట్టు రాశారు. అలా రాసుకున్న కాగితం చదివి మా ఆయన, "ఇందులో నువ్వెక్కడ ఉన్నావు?" అన్నారు. చింపేశాను. మళ్ళీ మొదలుపెట్టి మా షాపు ఖాతా పుస్తకం గురించే రాశాను. ఒక రైతుకి రెండెకరాల చెరువు, మేత ఎంత పట్టుకెళ్ళాడు, ఎన్నో రోజున వైరస్ వచ్చింది, సరుకు ఏ కౌంట్‌కి పోయింది, మన బాకీలో ఎంత వచ్చింది, ఎంత ఆగింది. పేరు రాయలేదు, అంకెలు నిజమైనవే. ఆ ఆగిపోయిన డబ్బు మీద మేం బ్యాంకుకి కట్టే ఓవర్‌డ్రాఫ్ట్ వడ్డీ కూడా వేసి, మేత మీద వచ్చే కమీషన్‌తో పోల్చాను. ఆ ఒక్క ఖాతాలో మాకు మిగిలింది ఏమీ లేదని తేలింది. రాస్తున్నప్పుడు నాకే కొత్తగా అర్థమైంది. ఈ లెక్క అన్ని ఖాతాలకీ ఎలా వేయాలో, వేసి అప్పు ఎక్కడ ఆపాలో నేర్చుకోవడానికి వస్తున్నాను అని రాసి ముగించాను.

ఇంటర్వ్యూ ఇంగ్లీషులో. నేను పదో తరగతి దాకా తెలుగు మీడియం, మాట్లాడాలంటే బెరుకు. ప్రశ్నలూ జవాబులూ బట్టీ పట్టడం నా వల్ల కాదు, అందుకని రోజూ ఆ రోజు జరిగిన ఒక లావాదేవీని ఇంగ్లీషులో ఫోన్‌లో రికార్డు చేసుకుని విన్నాను. ఎంత చిన్న వాక్యాలైనా ఫర్వాలేదు, తెలిసిన విషయం కాబట్టి మాట ఆగదు. అక్కడ ముగ్గురు కూర్చున్నారు. వాళ్ళలో ఒకాయన అడిగారు: 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి తీసుకెళ్ళింది, మీ షాపుకి దానికీ ఏం సంబంధం? చాలా సంబంధం ఉందండీ అన్నాను. మన రొయ్యకి పెద్ద మార్కెట్ అమెరికాయే. అక్కడ సుంకం పెరిగితే ఇక్కడ ప్లాంటువాళ్ళు కౌంట్ ధర తగ్గిస్తారు, ధర తగ్గితే రైతు తర్వాతి పంటకి సీడ్ తక్కువ వేస్తాడు, కొందరు చెరువు ఖాళీగా వదిలేస్తారు, మాకు మేత అమ్మకం పడిపోతుంది, పాత బాకీ మాత్రం అలాగే ఉంటుంది. మరి మీరు ఓనరైతే ఏం చేస్తారు అన్నారు. కొత్త అప్పు మనిషిని చూసి కాకుండా చెరువుని చూసి ఇస్తానండీ, ఎకరానికి ఎంత సీడ్ వేశాడు, నీటికి గాలి అందించే ఏరేటర్లు ఎన్ని ఉన్నాయి, గత రెండు పంటలు ఎలా వచ్చాయి చూసి హద్దు పెడతాను, నగదు ఇచ్చేవాళ్ళకి ధర తగ్గిస్తాను అన్నాను. అలా చేస్తే పాత ఖాతాదారులు పక్క షాపుకి పోరా అని ఇంకొకరు అడిగారు. కొందరు పోతారండీ, ఎవరు పోయినా ఫర్వాలేదో తెలుసుకోవడానికే ఆ లెక్క కావాలి అన్నాను. ఇంగ్లీషులో ఒకటి రెండు చోట్ల తడబడ్డాను, ఎవరూ పట్టించుకోలేదు.

సీటు వచ్చిందని మెయిల్ వచ్చాక ఫీజు. వారాంతపు కోర్సులకి విద్యారుణం అన్ని బ్యాంకులూ ఇవ్వవు, బ్రాంచిలో ముందే కనుక్కోవాలి. తీసుకుంటే వడ్డీ మీద ఎనిమిదేళ్ళ దాకా పన్ను మినహాయింపు ఉంది గానీ పాత పన్ను విధానంలో ఉన్నవాళ్ళకే. నేను రుణం జోలికి పోకుండా చీటీ పాడి మొదటి వాయిదా కట్టాను, మిగతాది సెమిస్టరుకి ఇంత చొప్పున. క్యాంపస్‌కి వెళ్ళే శని ఆదివారాలు పాప బాధ్యత అత్తయ్య గారు తీసుకున్నారు, అది ఆవిడ నోటితో ముందు అన్న తర్వాతే నేను ఫీజు కట్టాను. షాపులో నా శనివారం పని శుక్రవారం రాత్రి పూర్తి చేసి వెళ్తాను.

ఇప్పుడు మొదటి సెమిస్టరు నడుస్తోంది. ఆ అప్పు హద్దుల పట్టికే నా ప్రాజెక్టుగా పెట్టుకుంటానని అడిగితే సార్ ఒప్పుకున్నారు. ఓనరు గారు కూడా సరే అన్నారు, రైతుల పేర్లు మాత్రం బయటికి పోకూడదు అన్నారు. అది న్యాయమే, ఖాతాలన్నిటికీ నంబర్లు వేసి పట్టిక కడుతున్నాను.