గడ్డి గట్టు మీద మార్చి

అరిజోనా రాష్ట్రంలోని మేసాలో మేం దిగిన హోటల్ వెనక నారింజ చెట్లు పూత మీద ఉన్నాయి. కారు దిగగానే ఆ వాసనకి నేను అక్కడే ఆగిపోయాను. మాది నల్గొండ దగ్గర పల్లె. బత్తాయి తోటలు పూతకొచ్చిన రోజుల్లో సాయంత్రం అరుగు మీద కూర్చుంటే అచ్చం ఇదే వాసన వచ్చేది. డిక్కీలోంచి పెట్టెలు దించుతున్న మా బావమరిది కూడా తలెత్తి, “బావా, మన తోట లెక్కనే ఉంది గదా” అన్నాడు. ఆ పొద్దున షికాగోలో విమానం ఎక్కేటప్పుడు మేమిద్దరం చలికోట్లలో ఉన్నాం. అది 2023 మార్చి 15, బుధవారం.

మేం వచ్చింది బేస్‌బాల్ చూడటానికి. అమెరికా బేస్‌బాల్‌లో అన్నిటికన్నా పైదైన మేజర్ లీగ్‌లో ఉన్న 30 జట్లలో సగం ఫ్లోరిడాలో, సగం అరిజోనాలో సీజన్ ముందు సాధన చేస్తాయి. అరిజోనాలో జరిగేదాన్ని కాక్టస్ లీగ్ అంటారు. 15 జట్లు, 10 మైదానాలు, అన్నీ ఫీనిక్స్ చుట్టుపక్కలే. ఒక మైదానం నుంచి ఇంకో మైదానానికి మహా అయితే గంట ప్రయాణం. ఫిబ్రవరి చివర మొదలై మార్చి నెలాఖరు దాకా రోజూ మధ్యాహ్నం ఎక్కడో ఒకచోట ఆట ఉంటుంది.

కానీ మార్చిలోనే కాలేజీ బాస్కెట్‌బాల్ టోర్నమెంట్ కూడా జరుగుతుంది. అదే అసలు టెన్షన్. మేమిద్దరం పర్డ్యూ యూనివర్సిటీలో చదివాం. అది ఉన్న ఊరు, ఇండియానాలోని వెస్ట్ లఫాయెట్‌లో, నేను 2008లో దిగాను, వాడు 2017లో. మొదటి చలికాలంలో మంచుని చూసి బెంగపెట్టుకున్న నన్ను ఒక సీనియర్ మా యూనివర్సిటీ బాస్కెట్‌బాల్ హాలు, మ్యాకీ అరీనాకి తీసుకెళ్ళాడు. 14,000 మందికి పైగా పట్టే ఆ హాల్లో స్టూడెంట్లంతా ఒక్కసారి లేచి అరుస్తుంటే, నాకు ఆట నియమాలు కూడా తెలియకపోయినా గొంతు పోయేదాకా అరిచాను. ఆ రాత్రి గదికి నడిచి వెళ్తుంటే చలి అనిపించలేదు. అప్పటి నుంచి ఆ బంగారు, నలుపు రంగులు నావి.

పర్డ్యూ మనుషులకి మార్చి అంటే కొంచెం భయం. 2010లో మా జట్టు దేశంలోనే అగ్రశ్రేణిలో ఉన్నప్పుడు, ఫిబ్రవరిలో మా ముఖ్య ఆటగాడు రాబీ హమ్మెల్ మోకాలు దెబ్బతింది. టీవీ ముందు మేం ఆరుగురం రూమ్మేట్లం, ఒక్కరం కూడా మాట్లాడలేదు. మా బావమరిది గాయం వేరే. 2019లో ఫైనల్ ఫోర్‌కి, అంటే చివరి నాలుగు జట్ల దశకి, ఒక్క మెట్టు కింద, వర్జీనియా మీద చివరి క్షణం దాకా గెలుస్తూ ఉండి, ఆఖరి బంతి బుట్టలో పడటంతో ఓవర్‌టైమ్‌కి వెళ్ళి 80-75తో ఓడిపోయాం. మా కార్సెన్ ఎడ్వర్డ్స్ ఆ రోజు 42 పాయింట్లు కొట్టాడు. వాడు ఇప్పటికీ ఆ ఆఖరి షాట్ వీడియో చూడడు. పక్కన ఎవరైనా పెడితే లేచి వెళ్ళిపోతాడు.

2023లో మాకు మంచి ఏడాది. 29 విజయాలు, మా కాలేజీల లీగ్ బిగ్ టెన్‌లో టైటిల్, టోర్నమెంట్‌లో నంబర్ వన్ సీడ్. సీడ్ అంటే జట్ల బలాన్ని బట్టి ఇచ్చే వరస, 1 అన్నిటికన్నా పైది, 16 అన్నిటికన్నా కిందిది. మధ్యలో 7 అడుగుల 4 అంగుళాల జాక్ ఈడీ. శుక్రవారం మా మొదటి మ్యాచ్ ఒహాయోలోని కొలంబస్‌లో. ప్రత్యర్థి 16వ సీడ్. ఆ మ్యాచ్ గురించి ఎవరికీ బెంగ లేదు కాబట్టే ఆ వారం అరిజోనాకి టికెట్లు తీసుకున్నాం.

ఆ నాలుగు రోజుల్లో మేం ఎక్కువ గడిపింది స్కాట్స్‌డేల్ పక్కనున్న సాల్ట్ రివర్ ఫీల్డ్స్‌లో. అరిజోనా డైమండ్‌బ్యాక్స్, కొలరాడో రాకీస్ రెండు జట్లకీ అదే సాధన కేంద్రం. సాల్ట్ రివర్ పీమా, మారికోపా ఆదివాసీల నేల మీద 2011లో తెరిచారు. ఆదివాసీల భూమిలో వచ్చిన మొదటి మేజర్ లీగ్ సాధన మైదానం అదే. అవుట్‌ఫీల్డ్ వెనక కుర్చీలు ఉండవు, వాలుగా గడ్డి గట్టు ఉంటుంది. దుప్పటి పరుచుకుని కూర్చోవడమే. దూరంగా ఎర్రటి కొండలు, పైన మచ్చలేని నీలం. పిల్లలు గట్టు మీంచి దొర్లుకుంటూ కిందికి పోతారు, మళ్ళీ ఎక్కుతారు. మా ఊళ్ళో చెరువు కట్ట మీద కూర్చుని కబడ్డీ చూసిన రోజులు గుర్తొచ్చాయి నాకు.

ఈ ఆటల్లో గెలిచినా ఓడినా లెక్కలోకి రాదు. పేరున్న ఆటగాళ్ళు మూడు నాలుగు ఇన్నింగ్స్ ఆడి వెళ్ళిపోతారు. ఆ తర్వాత వీపు మీద 80, 90 నంబర్లున్న కుర్రాళ్ళు దిగుతారు, కొందరి జెర్సీ మీద పేరు కూడా ఉండదు. చాలామంది ప్రేక్షకులు అప్పటికి లేచి పోతారు. నాకు మాత్రం ఆ ఆఖరి ఇన్నింగ్సే ఇష్టం. పెద్ద మైదానంలో తన పేరు మైకులో వినబడటం ఆ కుర్రాడికి అదే మొదటిసారి కావచ్చు. నేల మీద దొర్లే ఒక మామూలు బంతికి కూడా వాడు ప్రాణం పెట్టి పరిగెత్తుతాడు.

మా దుప్పటి పక్కనే ఒక పెద్దాయన, ఆయన భార్య కూర్చున్నారు. ఆయన పెన్సిల్‌తో ప్రతి బంతినీ స్కోరు పుస్తకంలో రాసుకుంటున్నాడు. లెక్కలోకి రాని ఆటకి ఇంత శ్రద్ధగా రాస్తున్నారేమని అడిగాను. ఆ కుర్రాళ్ళ పేర్లు రాసిపెట్టుకుంటాననీ, వాళ్ళలో ఎవరైనా పైకొస్తే ఏ రోజు మొదట చూశానో తనకి తెలియాలనీ చెప్పాడు. ఆయన భార్య పాత పుస్తకాలు ఇంట్లో రెండు పెట్టెల నిండా ఉన్నాయని అంది, గర్వంగా. ఆ వారం అక్కడ అందరి నోటా కార్బిన్ కారల్ పేరే. మేజర్ లీగ్‌లో 32 ఆటలే ఆడిన ఆ కుర్రాడితో డైమండ్‌బ్యాక్స్ 8 ఏళ్ళకి 111 మిలియన్ డాలర్ల ఒప్పందం చేసుకుంది. పెద్దాయన పేజీలు తిప్పి, పాత ఏడాది పుస్తకంలో కారల్ పేరు వేలితో చూపించాడు.

బంతి వేయడానికి గడువు పెట్టే గడియారం, పిచ్ క్లాక్, వచ్చింది కూడా ఆ ఏడాదే. పరుగు తీసేవాళ్ళు ఆగే బేసులు ఖాళీగా ఉంటే 15 సెకన్లలో, రన్నర్ ఉంటే 20 సెకన్లలో పిచ్చర్, అంటే బంతి విసిరేవాడు, బంతి వేయాలన్నది ఆ ఏడాది నియమం. 8 సెకన్లు మిగిలేసరికి బ్యాటర్ సిద్ధంగా ఉండాలి. ఫిబ్రవరి 25న ఫ్లోరిడాలో బ్రేవ్స్, రెడ్ సాక్స్ మ్యాచ్ తొమ్మిదో ఇన్నింగ్స్‌లో బేసులన్నీ నిండి ఉండగా, బ్యాటర్ ఆలస్యం చేశాడని మూడో స్ట్రైక్ ఇచ్చి అవుట్ చేసేశారు. మ్యాచ్ 6-6తో టై. పెద్దాయనకి అది మింగుడుపడలేదు. బేస్‌బాల్‌కి గడియారం ఉండకూడదని ఆయన మాట. నాకు మాత్రం ఆట చురుగ్గా మారిందనిపించింది. పిచ్చర్ గడ్డం గోక్కుంటూ నిలబడటం తగ్గింది. ఇలాంటివి మారాక కూడా గట్టు మీద ఎండ అదే, వేరుశెనగ పొట్టు అదే.

గురువారం మధ్యాహ్నం నాలుగైదు ఇన్నింగ్స్ అయ్యాక చుట్టుపక్కల గమ్మత్తుగా నిశ్శబ్దం కమ్ముకుంది. మైదానంలో ఎవరో రెండు బేసుల హిట్ కొట్టినా చప్పట్లు లేవు. అందరి తలలూ ఫోన్ల మీదకి వంగి ఉన్నాయి. శాక్రమెంటోలో అరిజోనా యూనివర్సిటీ ఆడుతోంది. రెండో సీడ్. ఎదురుగా 15వ సీడ్ ప్రిన్‌స్టన్. చివర్లో ప్రిన్‌స్టన్ వరసగా 9 పాయింట్లు కొట్టి 59-55తో గెలిచింది. మా ముందు వరసలో ఎరుపు, నీలం టోపీ పెట్టుకున్న ఒకాయన ఫోన్ జేబులో పెట్టుకుని, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, మైదానం వైపే చూస్తూ ఉండిపోయాడు. కూతురు కాబోలు, ఐదారేళ్ళ పాప, వచ్చి ఆయన ఒళ్ళో తల పెట్టుకుంది. నేను ఆయనతో ఏమీ అనలేకపోయాను. “పాపం బావా, ఆయన ఏడాదంతా ఈడ్నే అయిపాయె” అన్నాడు మా వాడు మెల్లగా.

మరుసటి రోజు మా వంతు వచ్చింది.

శుక్రవారం పొద్దున మేసాలో షికాగో కబ్స్ బేస్‌బాల్ జట్టు సాధన మైదానాల దగ్గర కంచె పట్టుకుని తిరిగాం. మధ్యాహ్నం 3:50కి పర్డ్యూ మ్యాచ్. అరిజోనాలో గడియారం ముందుకి జరపరు కాబట్టి కొలంబస్ కంటే మూడు గంటలు వెనక. ఒక రెస్టారెంట్‌లో పెద్ద టీవీ ముందు టేబుల్ పట్టుకున్నాం. ఇద్దరం పర్డ్యూ టీషర్టులు వేసుకున్నాం. మా ప్రత్యర్థి ఫెయిర్‌లీ డికిన్సన్, న్యూజెర్సీ కాలేజీ. ముందటి ఏడాది నాలుగే మ్యాచ్‌లు గెలిచిన జట్టు. కాలేజీ ఆటల్లో పై స్థాయి అయిన డివిజన్ వన్‌లో అప్పుడున్న 363 జట్లలో అందరికన్నా పొట్టి జట్టు అదే. వాళ్ళ గార్డ్ డిమీట్రీ రాబర్ట్స్ ఎత్తు 5 అడుగుల 8 అంగుళాలు.

ఆ పొట్టి వాళ్ళే ఈడీకి ముందొకరు, వెనకొకరు నిలబడి బంతి అందకుండా చేశారు. బయటున్న మా వాళ్ళకి ఖాళీ దొరికింది, కానీ షాట్లు పడలేదు. దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు 26 వేస్తే 5 పడ్డాయి. హాఫ్ టైమ్‌కి ఒక్క పాయింట్ వెనక ఉన్నాం. నిమిషం మిగిలి ఉండగా షాన్ మూర్ అనే కుర్రాడు, కొలంబస్ వాడే, మూడు పాయింట్ల షాట్ వేశాడు. ఆ బంతి గాల్లో ఉండగానే మా బావమరిది టేబుల్ మీద చెయ్యి పెట్టి తల దించుకున్నాడు. 63-58తో ఓడిపోయాం. పురుషుల టోర్నమెంట్‌లో 16వ సీడ్ నంబర్ వన్‌ని ఓడించడం అంతకుముందు ఒక్కసారే జరిగింది.

రెస్టారెంట్ అంతా లేచి అరుస్తోంది. అందులో తప్పేం లేదు. నేను వేరే కాలేజీ వాణ్ణయితే నేనూ అరిచేవాణ్ణి. ఆ కుర్రాళ్ళు ఆడింది గొప్ప ఆట. బయటికి వచ్చి కారులో కూర్చున్నాం. తాళం తిప్పలేదు. చాలాసేపటికి వాడు నోరు విప్పాడు. “బావా, ఆ ఒక్క జట్టు ఎవరో యాదికుందా? 2018ల 16వ సీడ్ చేతుల ఓడిపోయిన జట్టు.” తెలుసు. వర్జీనియా. “మల్ల ఏడాది అదే వర్జీనియా మనని ఓడగొట్టి కప్పు తీసుకపోయింది.” నాలుగేళ్ళుగా ఆ మ్యాచ్ మాట ఎత్తని వాడు, ఆ రోజు తనంతట తనే ఎత్తాడు.

శనివారం ఏం చేయాలో తోచక మళ్ళీ గడ్డి గట్టుకే పోయాం. వేరే బట్టలు ఉన్నా వాడు నిన్నటి టీషర్టే వేసుకున్నాడు. తీసేయమని నేనూ అనలేదు. నేనూ నాది వేసుకున్నాను. గేటు దగ్గర టికెట్ చూసే పెద్దావిడ మా ఛాతీ మీద అక్షరాలు చదివి, నా భుజం మీద రెండుసార్లు తట్టింది. ఆఖరి ఇన్నింగ్స్ దాకా కూర్చున్నాం. తొంభై ఏదో నంబరున్న కుర్రాడు బంతి కోసం గోడ దాకా పరిగెత్తి దూకి పట్టాడు. గట్టు మీద మిగిలిన కొద్దిమందిమీ లేచి నిలబడ్డాం. వాడు అరుపు విని గట్టు వైపు చూశాడు. మా బావమరిది అరవడం నిన్నటి నుంచి అదే మొదటిసారి.

2024లో ఫైనల్ ఫోర్ గ్లెండేల్‌లో పెట్టారు, అదే ఫీనిక్స్ పక్కన. పర్డ్యూ అక్కడికి చేరింది, 1980 తర్వాత మొదటిసారి. టెనెసీ మీద గెలిచిన రాత్రే టికెట్లు కొన్నాం, ధర చూడకుండా. సెమీఫైనల్లో నార్త్ కెరొలైనా స్టేట్ మీద 63-50. ఏప్రిల్ 8న ఫైనల్లో ఈడీ 37 పాయింట్లు కొట్టినా యూకాన్ (కనెక్టికట్ యూనివర్సిటీ) 75-60తో గెలిచింది. వాళ్ళు మాకంటే మంచి జట్టు. ఆట అయిపోయాక కూడా మా వైపు జనం కదలకుండా నిలబడి కుర్రాళ్ళకి చప్పట్లు కొట్టారు. నా గొంతు మళ్ళీ పోయింది, మ్యాకీలో మొదటి రాత్రి పోయినట్టు.

మర్నాడు విమానానికి టైముంటే సాల్ట్ రివర్ ఫీల్డ్స్ వైపు కారు తిప్పాను. గేటుకి తాళం. కంచెలోంచి గట్టు కొంచెం కనిపించింది, నీళ్ళు పెట్టినట్టున్నారు, పచ్చగా మెరుస్తోంది. మా బావమరిది కంచె పట్టుకుని చాలాసేపు చూశాడు.

“బావా, వచ్చే మార్చికి టికెట్లు ఎప్పుడు పెడ్తరో చూడు” అన్నాడు.

నేను ఫోన్ తీశాను.