మార్షియన్లు దిగిన ఊళ్లో

లండన్ వాటర్లూలో ఫాస్ట్ బండి ఎక్కితే అరగంటలోపే వోకింగ్‌లో దిగుతాం. ప్రతి స్టేషన్‌లోనూ ఆగే బండి అయితే ముప్పావుగంట దాకా పడుతుంది. శని, ఆదివారాల్లో పట్టాల పనులుంటే రైలు బదులు బస్సు వేస్తారు కాబట్టి, ముందురోజు రాత్రే చూసుకోవడం మేలు. మేం వెళ్లింది జులై మొదటి వారంలో. ‘ది వార్ ఆఫ్ ది వరల్డ్స్’ నవల నడిచిన నేల మీద నడవాలన్నదే పని. అంగారక గ్రహం నుంచి వచ్చిన మార్షియన్లు ఇంగ్లండ్ మీద దాడి చేసే కథ అది.

ఆ నవల రాసిన హెచ్.జి. వెల్స్ 1895లో ఈ ఊరికొచ్చి, రైలుపట్టాలకు ఎదురుగా మేబరీ రోడ్డులో కాపురం పెట్టాడు. సైకిల్ మీద చుట్టుపక్కలంతా తిరుగుతూ, మార్షియన్ల చేత ఏయే చోట్లను, ఎవరెవరిని నాశనం చేయించాలో గురుతు పెట్టుకున్నానని తర్వాత తనే రాసుకున్నాడు. నవల 1897లో పత్రికలో సీరియల్‌గా, 1898లో పుస్తకంగా వచ్చింది. వీధులు, కొండలు, వంతెనలు అన్నీ అసలు పేర్లతోనే ఉన్నాయి కనుక నవలే మ్యాపుగా పనికొస్తుంది. ఆ ఇంట్లో ఇప్పుడు వేరేవాళ్లుంటారు. గోడమీది ఫలకం చూసి కదలాలి, కిటికీల్లోకి తొంగి చూడకూడదు.

ఊరి నడిబొడ్డున ఏడు మీటర్ల స్టీలు మార్షియన్ మూడు కాళ్ల మీద నిలబడి ఉంది, 1998లో పెట్టారు. అందరూ తలెత్తి ఫొటో తీసుకుని పోతారు. తల దించితే నేలమీది రాళ్లలో సూక్ష్మక్రిముల ఆకారాలు కనిపిస్తాయి. కథలో మార్షియన్లను చంపింది అవే.

కాలువ దాటి ఉత్తరానికి నడిస్తే హోర్సెల్ కామన్ అనే ఉమ్మడి నేల. ఇసుక నేల. హెదర్ పొదలు, గోర్స్ ముళ్లకంపలు, పైన్, బర్చ్ చెట్లు. చూడగానే అడవి అనిపిస్తుంది గానీ, అడవి అయిపోకుండా మనుషులు ఏటా కాపాడుకొస్తున్న నేల ఇది. పశువులు మేయడం తగ్గితే పైన్, బర్చ్ మొలకలు కమ్ముకొచ్చి హెదర్‌ను నీడతోనే చంపేస్తాయి. నైట్‌జార్ పక్షులు నేలమీదే గుడ్లు పెడతాయి కాబట్టి మార్చి నుంచి సెప్టెంబరు దాకా బాట దిగకూడదు, కుక్కను తాడు విప్పి వదలకూడదు. పొదల్లో పిడుదులుంటాయి. ప్యాంటు అంచులు మేజోళ్లలోకి దోపుకుని, సాయంత్రం మోకాళ్ల వెనక ఓసారి చూసుకోవాలి.

మార్షియన్ల మొదటి సిలిండర్ పడిన ఇసుక గుంట ఇక్కడే. పెద్ద అగాధం ఊహించుకుని వెళ్తే నిరాశే. చుట్టూ తెల్లటి ఇసుక, మధ్యలో వానల్ని బట్టి కుంటలా నీళ్లు నిలిచే పల్లం, అంతే. ఆ అంచున కూర్చుని మార్షియన్ల ఆయుధం హీట్ రే (వేడి కిరణం) గురించిన భాగం చదివితే మాత్రం వెల్స్ పనితనం తెలుస్తుంది. అది మంత్రదండం కాదు. వేడి బయటికి పోనివ్వని గదిలో వేడిని పుట్టించి, నున్నటి పారాబోలా అద్దంతో సమాంతర కిరణంగా వదులుతారని, లైట్‌హౌస్ అద్దం లాగానని వివరిస్తాడు. పాఠకుడికి తెలిసిన వస్తువును ఒక్క మెట్టు పైకి జరపడం, అంతే.

అంతకన్నా పెద్ద దెబ్బ మొదటి అధ్యాయంలోనే కొట్టాడు. మార్షియన్లను తిట్టబోయే ముందు టాస్మేనియాలో యూరోపియన్లు ఏం చేశారో గుర్తు చేసుకోమన్నాడు. అక్కడి మూలవాసులు యాభై ఏళ్లలో పూర్తిగా అంతరించారని రాశాడు. అది తప్పు. వాళ్ల వారసులు ఇవాళ్టికీ ఉన్నారు. ఆక్రమణను ఎత్తిచూపినవాడు కూడా ఆక్రమించినవాళ్లు చెప్పుకున్న ముగింపునే నమ్మేశాడు.

కామన్ ఒక మూల, మాన్యుమెంట్ రోడ్డు పక్కన, ఎర్ర ఇటుక గోడలు, గుమ్మటం ఉన్న ద్వారం కనిపిస్తాయి. మొదటి ప్రపంచయుద్ధంలో గాయపడి ఇంగ్లండ్ ఆసుపత్రుల్లో చనిపోయిన భారత ముస్లిం సైనికుల శ్మశానం ఇది, 1917లో పూర్తయింది. బ్రిటిష్ వాళ్లు మీ మతాచారం ప్రకారం పూడ్చిపెట్టరని జర్మన్లు చేసిన ప్రచారానికి జవాబుగా కట్టారు. నవలలో మార్షియన్లు గొట్టాలతో నల్లపొగ వదులుతారు. అది గాలికన్నా బరువుగా పల్లాల్లోకి పారుతుంది. ఆ ఊహ వచ్చిన పద్దెనిమిదేళ్లకు, 1915 ఏప్రిల్‌లో, బెల్జియంలోని ఈప్ర్ దగ్గర జర్మన్ విషవాయువు భారత సైన్యపు లాహోర్ డివిజన్ మీదికి వచ్చింది. ఇసుక గుంట నుంచి ఈ గోడలకు నడక దూరమే. సమాధులను 1960ల చివర్లో బ్రూక్‌వుడ్ శ్మశానానికి తరలించారు. 2015లో ఇక్కడ తోట వేసి, ఇరవై ఏడుగురికి ఇరవై ఏడు హిమాలయన్ బర్చ్ చెట్లు నాటారు. తెల్లటి బెరడు కాగితంలా పొరలు పొరలుగా లేస్తోంది. చేత్తో లాగొద్దు.

అక్కణ్ణుంచి పట్టాల అవతలికి వెళ్తే షాజహాన్ మసీదు. భోపాల్ బేగం విరాళంతో, అంతకుముందు లాహోర్‌లో కాలేజీ నడిపిన లైట్నర్ 1889లో కట్టించాడు. బ్రిటన్‌లో మసీదుగానే కట్టిన మొదటి కట్టడం. నవలలో హీట్ రే దెబ్బకు దీని శిఖరం ఎగిరిపోతుంది. చాలామంది ఆ వాక్యాన్ని గమనించకుండా దాటేస్తారు.

అసలు చూడాల్సింది మాత్రం వే నది. మరునాడు వేబ్రిడ్జ్‌లో దిగి గట్టు పట్టాం. మార్షియన్లతో వచ్చిన ఎర్ర కలుపు వే నదినీ, థేమ్స్‌నూ పూడ్చేసి, చివరికి తెగులు తగిలి కుళ్లిపోతుంది. నవలలో నాకు అన్నిటికన్నా తెలివైన భాగం ఇదే. యంత్రాలు ఆగిపోయినా కలుపు ఆగదని అతనికి తెలుసు. తెలుగువాళ్లకు దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. 1870ల్లో జమైకా విత్తనం తెప్పించి కడప ప్రాంతంలో నాటించిన తుమ్మ ఇవాళ చెరువు గట్లన్నీ మింగేసింది. దానికి జనం పెట్టిన పేరు సర్కారు తుమ్మ.

ఇక్కడ వరస తిరగబడింది. గట్టంతా మనిషెత్తు మొక్కలు, గులాబీరంగు పూలు: హిమాలయన్ బాల్సమ్. మన పెరటి కాశీతుమ్మకు దగ్గర చుట్టం. 1839లో తోటల అందం కోసం తెచ్చారు. ఒక్కో మొక్క ఎనిమిది వందల దాకా గింజలిస్తుంది. పండిన కాయ ముట్టుకుంటే పేలి ఏడు మీటర్ల దాకా విసురుతుంది. చలికాలంలో చచ్చిపోయి గట్టును బోడిగా వదిలేస్తుంది, వరదకు మట్టి కోసుకుపోతుంది.

పీకడం తేలికే, వేళ్లు పైపైనే ఉంటాయి. తప్పులు జరిగేది రెండు చోట్ల. అడుగు కణుపుకు పైన తెగితే మళ్లీ చిగురిస్తుంది, అందుకే మొదట్లో పట్టుకుని వేరుతో లాగాలి. ఇక నది దిగువన మొదలుపెడితే పైనుంచి గింజలు కొట్టుకొస్తూనే ఉంటాయి. కాయలు పండకముందే, ఎగువ నుంచి దిగువకు, కనీసం మూడేళ్లు వరసగా చేయాలి, ఎందుకంటే గింజ మట్టిలో దాదాపు రెండేళ్లు బతుకుతుంది. సొంతంగా దిగకుండా గట్టు చూసుకునేవాళ్ల వాలంటీర్లతో కలిసి చేయాలి.

తెగులు సంగతి కూడా కథలో లాగే నడుస్తోంది. ఇక్కడికి దగ్గర్లోనే, ఎగమ్‌లో ఉన్న క్యాబీ పరిశోధన సంస్థ బాల్సమ్‌ను అదుపు చేయడానికి హిమాలయాల నుంచి ఒక తుప్పు శిలీంధ్రాన్ని తెచ్చింది. 2014 నుంచి వదులుతున్నారు. భారత్ నుంచి తెచ్చిన రకం కొన్నిచోట్ల మొక్కకు అంటుకోలేదు, దాంతో పాకిస్తాన్ రకాన్ని కూడా తెచ్చారు. బ్రిటన్ బాల్సమ్ అంతా ఒకే విత్తనం నుంచి రాలేదన్నమాట. సోకితే ఆకు అడుగున నారింజ, గోధుమరంగు పొక్కులు వస్తాయి.

మేం తిప్పి చూసిన ఆకుల్లో ఒక్కదానికీ పొక్కు లేదు. బండెక్కే ముందు బూట్ల అడుగున బురదను పుల్లతో గీకి అదే గట్టు మీద వదిలాం. గింజలు ఊళ్లు దాటేది ఆ బురదలోనే.