సెట్ అయిందా?

హన్మకొండలో ఒక్కపూట చెవులు తెరుచుకుని తిరిగితే చాలు, సెట్ అనే మాట ఎన్ని పనులు చేస్తుందో తెలుస్తుంది. సంబంధం సెట్ అయింది, ఈ డ్రెస్ నీకు సెట్ కాలేదు, అలారం సెట్ చెయ్యి, అన్నా రెండు సెట్ దోశ. స్లాబు వేసిన మేస్త్రీ కూడా సిమెంట్ సెట్ కావాలనే అంటాడు.

1989లో వచ్చిన ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ డిక్షనరీ రెండో కూర్పులో అన్నిటికంటే పొడవైన వివరణ ఈ చిన్న మాటదే, క్రియగానే సుమారు 430 అర్థాలు. తర్వాత రన్ 645తో దాన్ని దాటేసింది.

నాకు బాగా నచ్చేది దీని పుట్టుక. పెట్టడం అనే అర్థంలో వాడే సెట్ క్రియ పాత ఇంగ్లిష్‌ది, సిట్‌కు దగ్గరి చుట్టం, అంటే మొదట్లో దాని అర్థం కూర్చోబెట్టడం. కానీ కప్పుల సెట్ అన్నప్పుడు, లెక్కల్లో సమితి అన్నప్పుడు వాడే నామవాచకం లాటిన్ సెక్టా నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చి, పోను పోను ఈ క్రియతో కలిసిపోయింది.

తెలుగు మీడియం పిల్లలకు నేను గట్టిగా చెప్పేది ఒకటుంది. భూతకాలంలోనూ ఇది సెట్టే, సెట్టెడ్ అని రాయొద్దు. డ్రెస్ సెట్ కాలేదని మన దగ్గర హాయిగా అనుకోవచ్చు గానీ ఇంగ్లిష్‌లో రాసేటప్పుడు కొలత కుదరకపోతే ఫిట్, అందంగా నప్పకపోతే సూట్ వాడాలి.