అక్షరం పొల్లుగా

"'మ' కాదు, 'మ్మ్మ్'. చివర ఆ 'అ' తీసేయండి."

ఇంగ్లండులో రిసెప్షన్ తరగతికి (నాలుగైదేళ్ళ పిల్లలు బడిలో మొదట చేరేది ఇందులోనే) టీచింగ్ అసిస్టెంటుగా చేరిన తెలుగువాళ్ళు మొదటి వారంలోనే ఇలాంటి మాట ఒకటి వింటారు. చెప్పే క్లాస్ టీచరుకి పాతికేళ్ళుంటాయి. వినే మనిషి ఊళ్ళో పదేళ్ళు ఇంగ్లీషు మీడియం పిల్లలకి పాఠాలు చెప్పి, బీఎడ్ సర్టిఫికెట్టు సూట్‌కేసు అడుగున పెట్టుకుని వచ్చి ఉంటుంది. ఆ అమ్మాయి మర్యాదగానే చెబుతుంది, పిల్లలకి వినబడకుండా, నవ్వుతూ. అయినా చురుక్కుమంటుంది. గ్రామరులో తప్పన్నా సర్దుకోవచ్చు. ఓనమాల్లోనే తప్పు పడితే ఎలా మింగుడుపడుతుంది?

కానీ తప్పు ఉన్నమాట నిజం. అది మన ఇంగ్లీషులోది కాదు, మన తెలుగులోంచి వచ్చింది. మనకి అక్షరమంటే హల్లూ అచ్చూ కలిసిన ముద్ద. 'క' అంటేనే క్ + అ. వట్టి 'క్' అని పలకమని ఏ పంతులుగారూ మనల్ని నిలబెట్టలేదు. మాట చివర అచ్చు లేకపోతే మనకి మాట పూర్తయినట్టే ఉండదు. అందుకే బస్ బస్సయింది, కార్ కారయింది, పెన్ పెన్నయింది. అజంత భాష అని మురిసిపోతామే, ఆ మురిపెమే ఇక్కడ కాలికి అడ్డం పడేది. అక్షరం పొల్లుపోకుండా చెప్పడం మనకి గొప్ప. ఇక్కడ పొల్లుగానే చెప్పమంటారు.

ఎందుకంత పట్టుదలంటే, చదువు మొత్తం దానిమీదే కట్టారు. పిల్లలకి చదవడం నేర్పే తీరు మీద ప్రభుత్వం కోరిన జిమ్ రోజ్ నివేదిక 2006లో వచ్చాక ఇంగ్లండు బళ్ళు ఫోనిక్స్ (ధ్వనుల ద్వారా చదువు నేర్పే పద్ధతి) దారి పట్టాయి. ఇంగ్లీషులో అక్షరాలు 26, ధ్వనులు దాదాపు 44. కాబట్టి ముందు ధ్వని, తర్వాతే అక్షరం పేరు. ఏ ఫర్ యాపిల్ వరుస ఉండదు. బడి ఎంచుకున్న స్కీమును (పాఠాల వరుసను) బట్టి కొద్దిగా అటూఇటూ మారినా, ఎక్కువచోట్ల మొదలు ఎస్, ఏ, టీ, పీ, ఆ తర్వాత ఐ, ఎన్. ఈ ఆరూ వస్తే చాలు, సిట్, పిన్, టిన్, ట్యాప్, న్యాప్ అంటూ బోలెడు మాటలు చదవొచ్చు. రెండో వారానికల్లా నాలుగేళ్ళ పిల్ల తనంతట తను ఒక మాట చదివేస్తుంది. అదీ కిటుకు.

చదవడమంటే ధ్వనుల్ని వరసగా పలికి కలపడం. 'స్-అ-న్' అంటే సన్ అవుతుంది. మనం అలవాటుగా 'స-అ-న' అన్నామనుకోండి, పిల్ల బుద్ధిగా కలిపి 'సఅన' అంటుంది. అలాంటి మాట ఎక్కడా లేదు. పిల్ల మన ముఖం చూస్తుంది, మనం పిల్ల ముఖం చూస్తాం. పెద్దవాళ్ళకి ఆ చివరి 'అ' పక్కకి తోసేయడం తెలుసు, నాలుగేళ్ళ చెవికి తెలియదు. ముప్ఫైమందిలో పాతికమంది ఎలాగోలా దాటేస్తారు. మిగిలిన అయిదుగురే మధ్యాహ్నం మన బల్ల దగ్గరికి వస్తారు. వాళ్ళ దగ్గర ఆ 'అ' అసలు పనికిరాదు.

రోజూ పొద్దున జరిగే పాఠం పాతిక నిమిషాలు. పిల్లలంతా కార్పెట్ మీద కూర్చుంటారు. మనం పక్కన ఆ అడుగెత్తు కుర్చీలో (మోకాళ్ళ సంగతి అడక్కండి). మొదటి మూడు నాలుగు నిమిషాలు పాత కార్డులు: టీచరు చకచకా చూపిస్తుంటే పిల్లలు ధ్వని అంటారు. అప్పుడు మనం ఊరికే చూస్తూ కూర్చోకూడదు, తడబడినవాళ్ళెవరో కళ్ళతో పట్టుకోవడం అసిస్టెంటు పని. తర్వాత కొత్త ధ్వని. టీచరు గుండెమీద చెయ్యి వేసుకుని ముందు తను పలుకుతుంది, తర్వాత చెయ్యి పిల్లలవైపు చాపితే వాళ్ళు పలుకుతారు. మూడుసార్లు. అప్పుడు అక్షరం రాసే తీరు, గాల్లో వేలితో. ఆ తర్వాత మాటలు. బోర్డు మీద మాట రాసి, ఒక్కో ధ్వని కింద ఒక్కో చుక్క పెడతారు, సౌండ్ బటన్ అంటారు దాన్ని. రెండక్షరాలు కలిసి ఒకటే ధ్వని ఇస్తే చుక్క కాదు, గీత. 'షిప్'కి ఒక గీత, రెండు చుక్కలు. చివరి ఏడెనిమిది నిమిషాలు చిన్న తెల్లపలకల మీద రాత. ఇక్కడే గొడవంతా. పెన్ను మూతలు పెట్టకపోతే వారంలో సిరా ఎండిపోతుంది, పక్కవాడి పలక చూసి దింపేవాళ్ళుంటారు, చేతిగుడ్డ బదులు జంపర్ (స్వెట్టరు) చేతులతో తుడిచేవాళ్ళు సగంమంది. అందుకని 'చూపించండి' అనేదాకా పలకని గుండెకి ఆనించి పట్టుకోవాలని నియమం.

ఇక మన నోటి సంగతి. దీనికి మందు మన వ్యాకరణంలోనే ఉంది. క చ ట త ప పరుషాలు, గ జ డ ద బ సరళాలు అని బట్టీపట్టాం కదా, దేనికో ఇప్పుడు తెలుస్తుంది. గొంతు మీద రెండు వేళ్ళు పెట్టుకుని 'ప్', 'ట్', 'క్' అనాలి. వేళ్ళకి అదురు తగిలిందంటే అచ్చు కలిసిందన్నమాట. గుసగుసగా చెబితే పోతుంది. 'స్', 'ఫ్', 'ష్' కూడా అంతే, గాలి మాత్రమే. 'మ్' అన్నప్పుడు ధ్వని ఆగిపోయేదాకా పెదాలు విప్పకూడదు, ముందే విప్పితే 'మ' అయిపోతుంది. 'న్', 'ల్' అన్నప్పుడు నాలుక ధ్వని ఆగేదాకా పైనే అంటుకుని ఉండాలి. సరళాలతోనే చిక్కు. 'బ్', 'డ్', 'గ్' ఎంత జాగ్రత్తపడ్డా కొంచెం అచ్చు తగులుతుంది, అది ఇంగ్లీషువాళ్ళకీ తగులుతుంది. వీలైనంత పొట్టిగా తుంచేయడమే మార్గం. ఫోనులో రికార్డు చేసుకుని మర్నాడు పొద్దున వినండి, అదే రోజు వింటే మన తప్పు మన చెవికి ఆనదు.

ఇంకొకటుంది, దీన్ని టీచర్లు కూడా సరిగ్గా చెప్పలేరు. మాట మొదట్లో ఇంగ్లీషు 'ప్' మన 'ప' కాదు. వాళ్ళది గాలి విసురుతో వస్తుంది, మన ప కింద ఒత్తు పెట్టినంత. ఆ గాలి లేకుండా మనం 'పిన్' అంటే వాళ్ళ పిల్లలకి 'బిన్' అని వినబడే ప్రమాదం ఉంది. 'ట్', 'క్'లదీ ఇదే కథ. నోటి ముందు సన్నటి కాగితం ముక్క పట్టుకుని పలికితే అది ఎగరాలి. వీ, డబ్ల్యూలు మనకి ఒకే 'వ'. వీకి పైపళ్ళు కింది పెదవిని తాకాలి, డబ్ల్యూకి పెదాలు గుండ్రమవాలి, పళ్ళు తగలకూడదు. అద్దం ముందు పది నిమిషాలు చాలు. టీ-హెచ్ ధ్వనికి నాలుక కొస పళ్ళ మధ్యకి రావాలి, మన 'థ' పళ్ళ వెనకే ఆగిపోతుంది. దీనికి మాత్రం సిగ్గుపడక్కర్లేదు: లండన్ పిల్లల్లో చాలామంది 'త్రీ'ని 'ఫ్రీ' అంటారు, వాళ్ళమ్మానాన్నలూ అంటారు.

మధ్యాహ్నం చిన్న గుంపు పని పూర్తిగా అసిస్టెంటుదే. ముగ్గురు నలుగురు పిల్లలు, పది నిమిషాలు, అయస్కాంతం అక్షరాలు. ఇక్కడ తరచుగా కనబడే తంటా: పిల్లవాడు 'స్-అ-న్' అని మూడూ సరిగ్గానే అంటాడు, కలపమంటే 'నట్' అంటాడు. చివరి ధ్వని మాత్రమే గుర్తుండి, దాంతో మొదలయ్యే తెలిసిన మాటేదో ఊహించేస్తాడు. మూడో ధ్వని దగ్గరికి వచ్చేసరికి మొదటిది జారిపోయిందన్నమాట. ఇంకోసారి, ఇంకోసారి అని వందసార్లు చెప్పించినా అదే. ముందు రెండు ధ్వనుల మాటలకి దిగాలి: ఇన్, అప్, ఇట్. తర్వాత సాగే ధ్వనితో మొదలయ్యే మాటలు. అనునాసికాలూ (మ్, న్) ఊష్మాలూ (స్, ష్) సాగుతాయి, పరుషాలు సాగవు. కాబట్టి 'పిన్' కన్నా 'సన్' తేలిక, 'కప్' కన్నా 'మడ్' తేలిక. వేలు జరుపుతూ మధ్యలో ఊపిరి ఆపకుండా 'స్స్స్అఅన్న్' అనాలి.

అప్పటికీ రాకపోతే చివరి అక్షరం అరచేత్తో మూసి, మొదటి రెండూ కలిపి 'స' అనిపించి, తర్వాత చెయ్యి తీసి 'స...న్, సన్' అనిపించాలి. ఇది పనిచేస్తుంది. ఎందుకు పనిచేస్తుందో ఏ తెలుగు మనిషికీ చెప్పక్కర్లేదు: స్ + అ = స. మన గుణింతమే! పొద్దున కార్పెట్ మీద ఏ ముద్ద వద్దన్నారో, మధ్యాహ్నం బల్ల దగ్గర ఆ ముద్దే అక్కరకొస్తుంది. కాకపోతే స్కీములో లేని పని సొంతంగా మొదలుపెట్టకూడదు, ముందు టీచరుని అడగాలి. అడిగితే సాధారణంగా కాదనరు.

ఇంతవరకూ వాళ్ళ పద్ధతికి తలూపాను కాబట్టి మన పక్షం కూడా ఒక్క మాట. ఇక్కడ ఒకటో సంవత్సరం (ఇయర్ వన్, రిసెప్షన్ తర్వాతి తరగతి) జూన్‌లో ఫోనిక్స్ స్క్రీనింగ్ చెక్ ఉంటుంది, 2012 నుంచి. ఆరేళ్ళ పిల్ల టీచరు ఎదురుగా ఒక్కతే కూర్చుని 40 మాటలు చదవాలి. పాసు గీత 32 దగ్గర ఉంటోంది, తప్పినవాళ్ళు రెండో సంవత్సరంలో మళ్ళీ ఈ చెక్‌కి కూర్చుంటారు. ఆ 40లో 20 అసలు మాటలే కావు, పక్కన వింత జంతువు బొమ్మ వేసి ఏలియన్ మాటలంటారు. అర్థంలేని మాటలు పిల్లలకి నేర్పుతారేమిటని మన తల్లిదండ్రులు పేరెంట్స్ మీటింగులో నిలదీస్తారు. నేర్పరు, పరీక్షిస్తారంతే. తెలిసిన మాటని ఆకారం చూసి గుర్తుపట్టొచ్చు. లేని మాటని ధ్వనులు కలిపితేనే చదవగలరు. గమ్మత్తేమిటంటే బాగా చదివే పిల్లలే ఇక్కడ తప్పుతారు, 'డ్రిమ్' అని ఉంటే అది మాట కాదు కదా అని 'డ్రీమ్'గా దిద్ది చదివేస్తారు. బొమ్మ ఉంటే ఉన్నది ఉన్నట్టే చదవాలని ముందే అలవాటు చేయాలి. అయినా అర్థంలేని మాటలని మనం ఆశ్చర్యపోవడం దేనికి? కా కి కీ కు కూ అని రాగం తీసి చదివిందంతా ఏలియన్ భాష కాక మరేమిటి? తేడా అల్లా, మన గుణింతమూ వత్తులూ ఒకసారి పట్టుబడితే దినపత్రికలో ఏ మాటైనా తప్పులేకుండా పలకొచ్చు, అర్థం తెలియకపోయినా సరే. ఇంగ్లీషులో నలభై నాలుగు ధ్వనులూ నేర్చుకున్న పిల్లకి 'సెడ్', 'వాజ్', 'ద' దగ్గర నియమం పనిచేయదు, వాటిని ట్రికీ వర్డ్స్ అని విడిగా కంఠస్థం చేయించాల్సిందే. లిపి వాళ్ళది గజిబిజి, తప్పు పట్టేది మన తలకట్టుని!

రాతలో ఇంకో దెబ్బ తగులుతుంది. రిసెప్షన్ పిల్ల 'సెడ్'ని ఎస్-ఈ-డీ అని రాస్తే మన చెయ్యి ఆగదు, వెంటనే రబ్బరు తీసుకుంటాం. అది చేయకూడదు. విన్న మూడు ధ్వనులకీ సరైన అక్షరాలు పెట్టింది, ఆ వయసుకి అదే సరైన జవాబు. రబ్బరుతో చెరిపితే మర్నాటినుంచి స్పెల్లింగు తెలిసిన మాటలే రాస్తుంది, అంటే నాలుగు మాటలు. ఎర్రసిరా దిద్దుబాట్ల మధ్య పెరిగిన చేతిని ఆపుకోవడం 'మ్' పలకడం కన్నా కష్టం. ఇది మాత్రం వాళ్ళ దగ్గర నేర్చుకోవాల్సిందేనని నా అభిప్రాయం.

స్కీములో నాలుగో ఫేజు (దశ) వచ్చేసరికి హల్లులు గుంపుగా వస్తాయి: స్టాప్, జంప్, వెంట్. ఇక్కడ ఇంగ్లీషు పిల్లలు ఒక ధ్వని మింగేస్తారు. 'వెంట్'ని డబ్ల్యూ-ఈ-టీ అని రాస్తారు, మధ్యలో ఎన్ వాళ్ళ చెవికి అందదు. (మనకైతే అక్కడ సున్నా కళ్ళెదుటే ఉంటుంది.) మనం దానికి తిరగేసి ఒకటి కలుపుతాం, స్కూల్‌ని ఇస్కూలు చేసినట్టు. ఇద్దరికీ ఒకటే వైద్యం: మాట పలుకుతూ ధ్వనికొక వేలు చొప్పున పైకెత్తడం. 'స్టాప్'కి నాలుగు వేళ్ళు. పిల్లవాడికి మూడే లేచాయంటే 'ట్' మింగాడు, మళ్ళీ నెమ్మదిగా చెప్పించాలి. మన చేతికి అయిదోది లేచిందంటే మొదట 'ఇ'నో చివర 'ఉ'నో ఎక్కింది.