సీజీఎల్ ఇంగ్లిష్: ‘దేన్ని?’ అని అడగడం నేర్చుకున్నాక

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు ఎస్‌ఎస్‌సీ నిర్వహించే సీజీఎల్ పరీక్ష తుది జాబితా వచ్చినప్పటి నుంచి ఒకటే ప్రశ్న: తెలుగు మాధ్యమం నుంచి వచ్చి ఇంగ్లిష్‌లో అన్ని మార్కులు ఎలా తెచ్చుకున్నావని. టైర్-2 (రెండో దశ) ఇంగ్లిష్‌లో 45 ప్రశ్నలు, 135 మార్కులు, తప్పుకు ఒక మార్కు కోత, మీకు తెలిసిందే. క్వాంట్ (గణితం), రీజనింగ్‌ల గురించి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. పాత పేపర్లు చేశాను, అంతే.

నన్ను గట్టెక్కించింది సకర్మక (కర్మను తీసుకునే), అకర్మక (తీసుకోని) క్రియల తేడా. కోచింగ్‌లో దీన్ని ఒక్క పూటలో తేల్చేస్తారు. వాయిస్ (యాక్టివ్, పాసివ్ అంటే కర్తరి, కర్మణి వాక్యాలు), ప్రిపొజిషన్లు, తప్పులు గుర్తించడం వేటికవే పాఠాలు. మొదటిసారి ర్యాంకు రాక, పాత ప్రశ్నలు ముందేసుకుని కూర్చున్నప్పుడు మూడింటికీ వేరు ఒక్కటేనని తెలిసింది. క్రియ కనబడగానే ‘దేన్ని? ఎవరిని?’ అని అడగడం మొదలుపెట్టాను. ‘హ్యాపెన్’, ‘అకర్’లను అడిగితే జవాబు రాదు. కర్మ లేదు, కాబట్టి పాసివ్ కూడా లేదు. ‘యాన్ యాక్సిడెంట్ వాజ్ అకర్డ్’లో ‘వాజ్’ అక్కడే దొరికిపోతుంది. ‘రైజ్’, ‘రెయిజ్’ కూడా అంతే: సూర్యుడు తనంతట తాను లేస్తాడు, చెయ్యిని మనం లేపాలి.

అయితే తెలుగును గుడ్డిగా నమ్మితే మునుగుతాం. మనం సమస్య గురించి చర్చిస్తాం, ఊరికి చేరతాం, గదిలోకి ప్రవేశిస్తాం. ‘డిస్కస్’, ‘రీచ్’, ‘ఎంటర్’ మాత్రం కర్మను నేరుగా తీసుకుంటాయి; మధ్యలో ‘అబౌట్’, ‘టు’, ‘ఇంటు’ పెట్టారా, మార్కులు పోయినట్టే. (ఒప్పందం కుదుర్చుకునేటప్పుడు ‘ఎంటర్ ఇంటు’ సరైనదే, కంగారు పడకండి.)

అన్నిటికన్నా మొండివి ‘లై’, ‘లే’. పడుకోవడమనే ‘లై’కి భూతకాలం ‘లే’. పెట్టడమనే ‘లే’కి ‘లెయిడ్’. అందుకే ‘హి లే ఆన్ ది బెడ్ ఆల్ డే యెస్టర్‌డే’ అచ్చంగా సరైన వాక్యం. దాన్ని తప్పుగా గుర్తించి వచ్చేవారే ఎక్కువ.

పట్టికలు బట్టీ పట్టకండి. రోజూ ఇంగ్లిష్ పత్రిక సంపాదకీయంలో ఒక పేరా తీసుకుని ప్రతి క్రియకూ కర్మను వెతకండి. విసుగొస్తుంది. గంటల తరబడి రీల్స్ చూసినప్పుడు రాని విసుగు దీనికే ఎందుకొస్తుందో మిమ్మల్ని మీరే అడగండి. ఒక్క పాఠం పట్టుకుని వేలాడుతున్నాడని నన్ను దెప్పినవారున్నారు. వేలాడాను, నిజమే. అదే పాఠం మరో మూడు చోట్ల మార్కులు తెస్తుంటే వేలాడక ఏం చేయాలి?

టైపింగ్ గురించి అడిగినవారికి: అది అర్హత పరీక్ష మాత్రమే, 15 నిమిషాలు. టైర్-2 దాకా ఆగకుండా ఇప్పటినుంచే రోజూ కాసేపు కొట్టండి.