సెక్టారు చూసుకోవాలంటే ముందు ఏం నేర్చుకోవాలి

పన్నెండేళ్లుగా అంగన్‌వాడీ టీచరుగా పనిచేస్తున్న నేను, కొన్ని అంగన్‌వాడీ కేంద్రాలు కలిసిన సెక్టారును చూసుకునే సూపర్‌వైజరు పోస్టుకు కావలసిన అర్హత సంపాదించుకోవాలని రెండేళ్ల క్రితం మళ్లీ పుస్తకం పట్టాను. ఇంటర్మీడియెట్ పూర్తయిన ఏడాదే పెళ్లి కావడంతో నా చదువు అక్కడే ఆగిపోయింది. తెలంగాణలో విస్తరణాధికారి, అంటే మేము సూపర్‌వైజర్ మేడం అని పిలుచుకునే ఉద్యోగానికి నేరుగా పోటీ పడాలంటే హోంసైన్స్, సోషల్ వర్క్, సోషియాలజీ వంటి సబ్జెక్టుతో డిగ్రీ ఉండాలి. అందుకని అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో సోషియాలజీతో బీఏకు, దానితోపాటు ఇగ్నోలో శిశు సంరక్షణ, విద్యకు సంబంధించిన డిప్లొమాకు చేరాను. రెండూ ఒకేసారి ఎందుకని మా అత్తమ్మ అడిగితే, ఒకటి పోస్టు కోసం, ఇంకొకటి పని కోసం అని చెప్పాను. ఆ జవాబు అప్పటికి ఆమెను ఒప్పించడానికి చెప్పినదే అయినా, తర్వాత అదే నిజమని తేలింది.

ఇంటర్ చదువుతున్న ఆడపిల్లలు నన్ను తరచుగా అడుగుతుంటారు కనుక దారుల గురించి కొంత చెబుతాను. వయసూ వీలూ ఉన్నవారికి మేలైన దారి కమ్యూనిటీ సైన్స్ డిగ్రీ. హైదరాబాదులోని సైఫాబాదులోనూ, గుంటూరు దగ్గర లాంలోనూ వ్యవసాయ విశ్వవిద్యాలయాల కింద ఆ కళాశాలలు ఉన్నాయి. పాత పేరు హోంసైన్స్ కావడంతో వంటలూ కుట్లూ నేర్పుతారని ఇప్పటికీ చాలామంది అనుకుంటారు గాని, శిశు వికాసాన్ని ఒక శాస్త్రంగా చదివే అవకాశం అక్కడ ఉంటుంది. ఇంటర్ తర్వాత నాలుగేళ్లలో డిగ్రీ, బీఈడీ కలిపి పూర్తిచేసే కొత్త కోర్సులో కూడా మూడు నుంచి ఎనిమిదేళ్ల పిల్లల దశకు ప్రత్యేక విభాగాన్ని ఉద్దేశించారు. ఇక ఎన్‌టీటీ (నర్సరీ టీచర్ ట్రైనింగ్) అంటూ ఊరూరా బోర్డులు పెట్టి ఇచ్చే సర్టిఫికెట్ల విషయంలో మాత్రం, జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి గుర్తింపు ఉందో లేదో కాగితం మీద చూసుకోకుండా డబ్బు కట్టకండి.

డిప్లొమాలో నన్ను నిజంగా మార్చినది ప్రాజెక్టు. పిల్లలకు ఆటలు, కథలు మనమే తయారుచేసి, ఆడించి, ఏం జరిగిందో రాయాలి. మా కేంద్రంలోని నాలుగేళ్ల బాబు ఒకడి గురించి నేను “శ్రద్ధ తక్కువ, అల్లరి ఎక్కువ, చెప్పిన మాట వినడు” అని రాసుకుపోయాను. మా స్టడీ సెంటరులోని కౌన్సెలర్ మేడం ఆ వాక్యం మీద పెన్నుతో గీత గీసి, “ఇది మీ అభిప్రాయం. వాడు ఏం చేశాడో ఎక్కడ రాశారు?” అని అడిగారు. పదేళ్లకు పైగా పిల్లలతోనే గడిపినదాన్ని, నాకు తెలియదా అని లోపల కొంచెం కోపం వచ్చిన మాట వాస్తవం.

మరునాడు పాటల సమయం ఆయాకు అప్పగించి, వాడికి నాలుగు అడుగుల దూరంలో కూర్చుని, ఇరవై నిమిషాలపాటు కనిపించినది కనిపించినట్టు రాశాను. వాడు డబ్బాలోని సీసా మూతలు కింద పోసి ఎర్రవి మాత్రమే ఏరాడు. గచ్చు మీద పగులు ఎటు పోతే అటు, మూతకూ మూతకూ మధ్య వేలెడు సందు వదిలి పేర్చుకుంటూ పోయాడు. పక్కపిల్ల ఒక మూత తీసుకోగానే గట్టిగా అరిచాడు. ఆమె ఇవ్వకపోయేసరికి కాసేపు ఊరుకుని, చింతగింజ ఒకటి తెచ్చి ఖాళీ అయిన చోట పెట్టి, వరుస మళ్లీ కొనసాగించాడు. రంగును బట్టి వేరుచేయడం, సమాన దూరం పాటించడం, ఒక వస్తువు లేనప్పుడు ఇంకొకదాన్ని దాని స్థానంలో నిలపడం, ఇవన్నీ లెక్కలకు పునాదులని పుస్తకంలో చదివి పరీక్షలో రాసినదాన్ని నేనే. అవి ఇన్నాళ్లుగా నా కళ్లెదుట గచ్చు మీద జరుగుతుంటే వాటికి అల్లరి అని పేరు పెట్టినదాన్నీ నేనే.

సూపర్‌వైజరు పని గురించి నా ఆలోచన ఆ రోజు నుంచి మారింది. ఒక సెక్టారు కింద సుమారు ఇరవై ఐదు కేంద్రాలు ఉంటాయి. ఒకసారి మా కేంద్రానికి వచ్చిన అధికారి గుడ్ల స్టాకు, పిల్లలకిచ్చే బాలామృతం పోషకాహారం ప్యాకెట్లు, బరువుల రిజిస్టరు, పోషణ్ ట్రాకర్ యాప్‌లో ఎంట్రీలు వరుసగా చూసి సంతకం చేసి వెళ్లారు. ఉన్న ముప్పావుగంటలో పిల్లల వైపు చూసినది ఫోటో తీయించడానికే. ఆమెను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. 1975 అక్టోబరు 2న మొదలైన ఐసీడీఎస్, అంటే అంగన్‌వాడీలను నడిపే సమగ్ర శిశు అభివృద్ధి పథకంలోని ఆరు సేవల్లో పూర్వ ప్రాథమిక విద్య ఒకటి మాత్రమే. మిగిలిన వాటిలో చాలావాటికి అంకెలు ఉన్నాయి, దీనికి లేవు. జబ్బ చుట్టుకొలత 11.5 సెంటీమీటర్ల కంటే తగ్గితే తీవ్ర లోపపోషణ అని మాలో ఎవరిని నిద్రలో లేపి అడిగినా చెబుతాం. పిల్లవాడి మాట ఎంత పెరిగిందో కొలిచే టేపు మాత్రం ఎవరి దగ్గరా లేదు, పక్కన కూర్చుని వినే మనిషి తప్ప. ఆ మనిషిని తయారుచేయడమే ఈ చదువు పని అని నేను అనుకుంటున్నాను.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. 1945లో ఇప్పటి మహారాష్ట్రలోని బోర్డీ గ్రామంలో విద్యావేత్త తారాబాయి మోడక్ పేద పిల్లల ముంగిళ్లకే బడిని తీసుకుపోయినప్పుడు, గవ్వలు, గింజలు, ఆకులే సామగ్రి అయ్యాయి. మన దుర్గాబాయి దేశ్‌ముఖ్ మొదటి అధ్యక్షురాలిగా 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు పల్లెల్లో బాల్వాడీలకు, అంటే చిన్నపిల్లల బడులకు అండగా నిలిచింది. అంగన్‌వాడీ అన్న పేరులోనే వాకిలి ఉంది. పట్టణాల్లో మాంటిస్సోరి పేరుతో మూడేళ్ల పిల్లలకు హోంవర్కు ఇచ్చే బడులను చూస్తే, ఆ మహాతల్లి మరియా మాంటిస్సోరి మద్రాసులోని అడయారులో ఉండి ఇన్నేళ్లు శిక్షణ ఇచ్చి వెళ్లింది ఇందుకేనా అనిపిస్తుంది.

తల్లిదండ్రుల విషయం దీనికంటే కష్టం. “ఇక్కడ ఆటలేనా టీచరమ్మా, మా ఆడబిడ్డ కొడుకు అప్పుడే ఏబీసీడీలు రాస్తున్నాడు” అని ఒక తల్లి అడిగినప్పుడు, జాతీయ విద్యా విధానం 2020 పేరు చెబితే ఆమెకు ఒరిగేదేమీ లేదు. 2024లో వచ్చిన ఆధారశిల పాఠ్యప్రణాళిక కూడా ఆటకే పెద్దపీట వేసిందన్నా అంతే. నేను ఆమె కొడుకు చేతికి జొన్నపిండి ముద్ద ఇచ్చి పిసకమన్నాను. రెండు నిమిషాలకే వేళ్లు నొస్తున్నాయన్నాడు. “ఈ వేళ్లకు ఇప్పుడే పెన్సిల్ ఇస్తే ఏమవుతుంది, మీరే చెప్పండి” అన్నాను. ఆమె పూర్తిగా ఒప్పుకోలేదు గాని, ఇంట్లో రొట్టెలు చేసేటప్పుడు వాడికీ చిన్న ముద్ద ఇస్తున్నానని తర్వాత చెప్పింది. ఇటువంటి జవాబు నాకు తెలిస్తే సరిపోదు, సెక్టారులోని టీచర్లందరికీ తట్టేలా చేయగలగాలి. అది ఏ సబ్జెక్టు కిందికి వస్తుందో సిలబస్‌లో వెతికాను గాని దొరకలేదు.

పోస్టు ఎప్పుడు వస్తుందో నా చేతిలో లేదు కనుక, పనిని ఇప్పుడే మొదలుపెట్టాను. మా సెక్టారు మీటింగులో అడిగి, పక్క ఊరి టీచరక్కతో ఒక ఒప్పందం చేసుకున్నాను: నెలకొకసారి నేను ఆమె కేంద్రంలో, ఆమె నా కేంద్రంలో ఒక గంట కూర్చోవాలి. నోటుపుస్తకంలో పేజీని నిలువుగా రెండుగా గీసి, ఎడమ వైపు చూసినది, కుడి వైపు అనుకున్నది రాస్తాను. మొదటిసారి వెళ్లినప్పుడు అక్క నన్ను చూసి కంగారుపడి రిజిస్టర్లన్నీ టేబుల్ మీద పేర్చింది; వాటిని పక్కకు జరిపి పిల్లల మధ్య చాప మీద కూర్చున్నాను. గంట తర్వాత ఎడమ వైపు మూడు పేజీలు నిండాయి, కుడి వైపు రెండు వాక్యాలే ఉన్నాయి. అక్క పుస్తకం తీసుకుని మొదటి నుంచి చివరి వరకు చదివి, “ఇది ఈ పూటకు నా దగ్గర ఉండనీ, రాత్రికి ఇంకోసారి చదువుకుంటా” అంది.